డేటాబేస్‌లో ఆబ్జెక్ట్ పేరుని పార్స్ చేసే ఫంక్షన్: మాటిమాటికీ అడిగే ప్రశ్నలు

టేబుల్ అయినా వ్యూ అయినా ఫంక్షన్ అయినా, దాని పేరు యూజర్ టైప్ చేసిన స్ట్రింగ్‌గానే మన చేతికొస్తుంది. దాన్ని స్కీమా (టేబుళ్ళని గుంపుగా పెట్టుకునే అర) ఇది, పేరు ఇది అని విడదీసే, అంటే పార్స్ చేసే, చిన్న ఫంక్షన్ ఒకటి రాయాలి. చూడ్డానికి పావుగంట పనిలాగే ఉంటుంది. నేనిది మూడు ప్రాజెక్టుల్లో మూడు సార్లు రాశా, మొదటి రెండు సార్లూ తప్పే రాశా. టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా అవే డౌట్లు అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది, కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఉదాహరణల్లో పేర్లు తెలుగులోనే పెట్టా, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ కోట్స్ లేకుండా కూడా తెలుగు పేర్లు తీసుకుంటాయి.

## రాయడానికి కూర్చునే ముందు

డాట్ దగ్గర స్ప్లిట్ కొడితే అయిపోయే పనికి ఇంత హడావిడి ఎందుకు?

డాట్ పేరు లోపల కూడా ఉండొచ్చు కాబట్టి. డబుల్ కోట్స్‌లో పెడితే "లాగ్.పాతవి" అనేది మొత్తం కలిపి ఒకే టేబుల్ పేరు, లాగ్ అనే స్కీమాలో పాతవి అనే టేబుల్ కాదు. నా మొదటి వెర్షన్ స్ప్లిట్ కొట్టేసి, ముక్కల చివర్లలో కోట్స్ కనిపిస్తే పీకేసేది. పాత టేబుళ్ళు క్లీన్ చేసే స్క్రిప్ట్‌లో అదే వాడాం. ఏదో ఇంపోర్ట్ టూల్ "లాగ్.పాతవి" అని డాట్‌తో సహా ఒక టేబుల్ చేసి పెట్టింది, దాన్ని డ్రాప్ చెయ్యమంటే మా స్క్రిప్ట్ వెళ్ళి లాగ్ స్కీమాలో నిజంగానే ఉన్న పాతవి టేబుల్‌ని లేపేసింది. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ రాలేదు, పని అయిపోయిందని చక్కగా లాగ్ కూడా రాసింది. బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాం, కానీ ఆ రోజు నుంచి స్ప్లిట్ అనే మాట కోడ్ రివ్యూలో కనిపిస్తే నాకు చెయ్యి ఆగదు.

డేటాబేస్‌లోనే రెడీమేడ్‌గా ఉంటుంది కదా, మళ్ళీ మనం రాయడం దేనికి?

ఉంటే అదే వాడండి, నిజంగా. పోస్ట్‌గ్రెస్‌లో 9.6 నుంచి పార్స్_ఐడెంట్ ఉంది, పేరిస్తే ముక్కల అర్రే ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పార్స్‌నేమ్ ఉంది, పేరుతో పాటు ఎన్నో ముక్క కావాలో నంబర్ చెప్తే ఆ ఒక్క ముక్క ఇస్తుంది. ఒరాకిల్‌లో డీబీఎంఎస్_యుటిలిటీ ప్యాకేజీలో నేమ్_టోకెనైజ్ అని ఒకటుంది, అది మూడు ముక్కల దాకా తీసి, చివర్లో @ తర్వాత డేటాబేస్ లింక్ ఉంటే అదీ విడిగా ఇచ్చి, ఎక్కడ ఆగిందో పొజిషన్ కూడా చెప్తుంది. మీరు సొంతంగా రాయాల్సి వచ్చేది మూడు సందర్భాల్లోనే: కనెక్షన్ తెరవకముందే పేరు అర్థం కావాలి, లేదా ఒకే టూల్ నాలుగు రకాల డేటాబేస్‌లతో మాట్లాడాలి, లేదా మీరే డేటాబేస్ ఇంజిన్ రాస్తున్నారు. మూడోది అయితే ఆల్ ద బెస్ట్.

పేరు విడదీయడం, ఆ టేబుల్ నిజంగా ఉందో లేదో చూడ్డం రెండూ ఒకే ఫంక్షన్‌లో పెట్టేస్తే తప్పేంటి?

పెట్టొద్దు. విడదీయడం కేవలం స్ట్రింగ్ పని, దానికి డేటాబేస్ అక్కర్లేదు, ఎప్పుడు పిలిచినా ఒకే జవాబు వస్తుంది, టెస్ట్ చెయ్యడం చాలా తేలిక. వెతకడం అలా కాదు, ఎవరు లాగిన్ అయ్యారు, వాళ్ళకి ఏ పర్మిషన్లు ఉన్నాయి, ఈ క్షణంలో ఎవరైనా టేబుల్ పేరు మార్చారా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. రెండూ కలిపేస్తే "పేరు తప్పుగా రాశావు" అనే ఎర్రరూ "పేరు బానే ఉంది కానీ అలాంటి టేబుల్ లేదు" అనే ఎర్రరూ ఒకటైపోతాయి, యూజర్‌కి రెండూ "దొరకలేదు" అనే కనిపిస్తాయి, స్పెల్లింగ్ వెతుక్కుంటూ గంట కూర్చుంటాడు, అసలు సమస్యేమో ఒక కోట్ మూయకపోవడం. ఒరాకిల్ వాళ్ళు కూడా నేమ్_టోకెనైజ్ వేరు, నేమ్_రిజాల్వ్ వేరు అని రెండు పెట్టారు. పార్స్‌నేమ్ కూడా ఆబ్జెక్ట్ ఉందా లేదా అనేది అస్సలు చూడదు, లేని టేబుల్ పేరిచ్చినా ముక్కలు చేసి చేతిలో పెడుతుంది.

రిటర్న్ ఏమివ్వాలి, ఉత్త స్ట్రింగ్‌ల లిస్ట్ సరిపోదా?

ఒక్క డేటాబేస్ కోసమైతే సరిపోతుంది. నాలుగింటి కోసమైతే చాలదు, ఎందుకంటే ఆ ముక్క కోట్స్‌లో వచ్చిందా లేదా అన్న సమాచారం పోతుంది, ఒకసారి పోయాక మళ్ళీ రాదు. నేనైతే ప్రతి ముక్కకీ మూడు విషయాలు పెట్టుకుంటా: కోట్స్ తీసేసిన అసలు టెక్స్ట్, కోట్స్‌లో ఉందా లేదా అనే ఫ్లాగ్, ఒరిజినల్ స్ట్రింగ్‌లో ఎక్కడ మొదలైంది అనే పొజిషన్. పొజిషన్ ఎందుకంటే ఎర్రర్ వచ్చినప్పుడు సరిగ్గా ఆ అక్షరం కింద బాణం గుర్తు పెట్టి చూపించొచ్చు.

## కోట్స్ గోల

రెగెక్స్ (టెక్స్ట్ ఏ నమూనాలో ఉండాలో చెప్పే సూత్రం) ఒక లైన్ రాస్తే అయిపోదా?

కరెక్ట్‌గా ఉన్న పేర్ల వరకూ అయిపోతుంది. సమస్యంతా తప్పు పేర్లతోనే. రెగెక్స్ మ్యాచ్ అయిందా లేదా అనే చెప్తుంది, ఎందుకు కాలేదో చెప్పదు. కోట్ మూయలేదా, డాట్ తర్వాత ఏమీ లేదా, అంకెతో మొదలైందా, ఇవన్నీ యూజర్‌కి వేర్వేరుగా చెప్పాలి. పార్స్_ఐడెంట్ చూడండి, డబుల్ కోట్ మూయకపోతే ఒక మెసేజ్, కోట్స్ లోపల ఖాళీగా ఉంటే ఇంకోటి, డాట్‌కి ముందు పేరు లేకపోతే ఒకటి, తర్వాత లేకపోతే మరొకటి ఇస్తుంది. అదంతా రెగెక్స్‌తో చేయబోతే ఆర్నెల్ల తర్వాత మీ కోడ్ మీకే అర్థం కాదు.

మరి లూప్ ఎలా రాయాలి? ఒక్క ఉదాహరణ తీసుకుని అక్షరం అక్షరం చూపిస్తారా?

ఈ ఇన్‌పుట్ తీసుకుందాం:

`అమ్మకాలు."నెల ""1"" బిల్లులు"`

నాలుగు స్టేట్లు చాలు. ముక్క మొదలవ్వాలి, మామూలు పేరు లోపల ఉన్నాం, కోట్స్ లోపల ఉన్నాం, ముక్క అయిపోయింది. మొదటి స్టేట్‌లో స్పేస్ వస్తే దాటేయ్. అ వచ్చింది, అది పేరు మొదలవ్వగల అక్షరమే కాబట్టి మామూలు పేరులోకి వెళ్తాం, పేరుకి పనికొచ్చే అక్షరాలు వస్తున్నంతసేపూ బఫర్‌లో వేసుకుంటూ పోతాం. డాట్ వచ్చింది, అది పేరుకి పనికిరాదు కాబట్టి అమ్మకాలు అనే ముక్క మూసేసి, కోట్స్ లేదు అని ఫ్లాగ్ పెట్టి, డాట్ తినేసి మళ్ళీ మొదటి స్టేట్‌కి వస్తాం. ఇప్పుడు డబుల్ కోట్ వచ్చింది, కోట్స్ లోపలికి వెళ్ళాం. ఇక్కడ రూల్ మారిపోతుంది: స్పేస్ అయినా డాట్ అయినా ఏదొచ్చినా బఫర్‌లోకే, ఒక్క డబుల్ కోట్‌కి మాత్రమే ఆగాలి. నెల, స్పేస్ అయ్యాక డబుల్ కోట్ వచ్చింది. ఇదే అందరూ తప్పు చేసే చోటు, ఇక్కడ వెంటనే మూసేయకూడదు, పక్క అక్షరం తొంగి చూడాలి. పక్కన ఇంకో డబుల్ కోట్ ఉంది, అంటే ఇది పేరులో భాగమైన కోట్, రెండూ తినేసి బఫర్‌లో ఒక్కటే వేస్తాం. 1 వేస్తాం, మళ్ళీ జంట కోట్స్ వస్తే మళ్ళీ ఒక్కటే వేస్తాం. బిల్లులు అయ్యాక కోట్ వచ్చింది, పక్కన చూస్తే ఏమీ లేదు, స్ట్రింగ్ అయిపోయింది, ఇప్పుడు నిజంగా మూయాలి. మనకొచ్చిన రెండో ముక్క: నెల "1" బిల్లులు, మధ్యలో కోట్స్‌తో సహా. మొత్తం రాసినా యాభై అరవై లైన్లు దాటదు.

"ముక్క అయిపోయింది" స్టేట్‌లో స్పేస్‌లు దాటేసి, డాట్ ఉంటే తర్వాతి ముక్కకి, స్ట్రింగ్ ఐపోతే రిటర్న్‌కి, ఇంకేదైనా ఉంటే ఎర్రర్‌కి వెళ్ళాలి. ఈ మూడోది మర్చిపోతే బిల్లులు బిల్లులు అని స్పేస్ పెట్టి రెండు సార్లు రాసినా మొదటిది తీసుకుని నవ్వుతూ వచ్చేస్తుంది.

బ్రాకెట్లు, బ్యాక్‌టిక్‌లు, డబుల్ కోట్స్ అన్నీ ఒకే ఫంక్షన్ తీసుకోవాలా?

తీసుకోవచ్చు, కానీ ఈసారి ఏ డేటాబేస్ అనేది పారామీటర్‌గా అడిగి తీసుకోండి, అక్షరం చూసి గెస్ చెయ్యొద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్క్వేర్ బ్రాకెట్లు వాడతారు, లోపల మూసే బ్రాకెట్ కావాలంటే దాన్నే రెండు సార్లు రాయాలి, [లెక్క]]లు] అంటే లెక్క]లు అని. తెరిచే బ్రాకెట్‌ని డబుల్ చెయ్యక్కర్లేదు, అందుకే తెరిచేదీ మూసేదీ ఒకటే అనుకుని రాసిన కోడ్ అక్కడ బోల్తా పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌టిక్, లోపల కావాలంటే రెండు. అక్కడ డబుల్ కోట్స్ అంటే మామూలుగా స్ట్రింగ్, ఆన్సీ_కోట్స్ మోడ్ పెడితేనే పేరవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ క్వోటెడ్_ఐడెంటిఫయర్ సెట్టింగ్ ఆఫ్ చేస్తే డబుల్ కోట్స్ స్ట్రింగ్ అయిపోతాయి. ఒరాకిల్‌లో అయితే పేరు లోపల డబుల్ కోట్ ఉండటానికే వీల్లేదు, డబుల్ చేసినా సరే. ఎస్‌క్యూలైట్ వేరే వాళ్ళతో సర్దుకుపోదామని మూడు రకాలూ తీసుకుంటుంది.

వీటన్నిటినీ తెరిచే అక్షరం, మూసే అక్షరం, ఎలా ఎస్కేప్ చెయ్యాలి అని ఒక చిన్న టేబుల్‌లో పెట్టేస్తే లూప్ ఒక్కటే సరిపోతుంది. సరిపోనిది బిగ్‌క్వెరీ. అక్కడ ప్రాజెక్ట్, డేటాసెట్, టేబుల్ మూడూ కలిపి ఒకే జత బ్యాక్‌టిక్‌ల మధ్య రాయొచ్చు, లోపలున్న డాట్లు డాట్లుగానే పనిచేస్తాయి. కోట్స్ లోపల డాట్ అంటే పేరులో భాగం అన్న మన రూలే తలకిందులు. దానికి విడిగా ఒక ఫంక్షన్ రాసేసుకోండి, జనరల్ కోడ్‌లో ఇరికించి నేను పడ్డ పాట్లు మీరు పడొద్దు.

డాట్ చుట్టూ స్పేస్‌లు ఉంటే ఒప్పుకోవాలా? కోట్స్ లోపల ఖాళీగా ఉంటే?

డాట్‌కి అటూ ఇటూ స్పేస్ ఉంటే ఒప్పుకోవచ్చు, ఎస్‌క్యూఎల్ రాసేటప్పుడు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఒప్పుకుంటాయి. కోట్స్ లోపలి స్పేస్ మాత్రం ముట్టుకోవద్దు, ముందూ వెనకా ఉన్నది కూడా. మంచిగా ఉంటుందని ట్రిమ్ చేస్తే, చివర్లో స్పేస్ ఉన్న టేబుల్‌ని ఇక ఎవ్వరూ తెరవలేరు. ఖాళీ కోట్స్ వస్తే ఎర్రర్, అందులో ఆలోచించేదేం లేదు.

ఇంకో దొంగ స్పేస్ ఉంది. డాక్యుమెంట్ నుంచో చాట్ నుంచో పేరు కాపీ చేస్తే మామూలు స్పేస్ బదులు నో-బ్రేక్ స్పేస్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ యూటీఎఫ్-8లో ఆస్కీ (ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) దాటిన ప్రతి అక్షరాన్నీ పేరుకి పనికొచ్చే అక్షరంగానే చూస్తుంది, కాబట్టి ఆ స్పేస్ పేరులో కలిసిపోతుంది, స్క్రీన్ మీద మాత్రం అంతా శుభ్రంగానే ఉంటుంది. మీ ఫంక్షన్ దీన్ని కనిపెట్టి వార్నింగ్ ఇస్తే ఎవరో ఒకరు మీకు మనసులో దణ్ణం పెట్టుకుంటారు.

## పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, పొడవు

కోట్స్ లేని పేరుని లోయర్ కేస్ చెయ్యాలా, అప్పర్ కేస్ చెయ్యాలా?

డేటాబేస్‌ని బట్టి. ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్ అప్పర్ అంటుంది, ఒరాకిల్, స్నోఫ్లేక్ అదే పాటిస్తాయి. పోస్ట్‌గ్రెస్ స్టాండర్డ్‌కి ఎదురెళ్ళి లోయర్ చేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ రాసింది రాసినట్టే దాచుకుంటుంది, పోల్చేటప్పుడు మాత్రం కొలేషన్ (అక్షరాలని ఎలా పోల్చాలో చెప్పే సెట్టింగ్) ఏం చెప్తే అది. మైఎస్‌క్యూఎల్ అన్నిటికంటే విచిత్రం, టేబుల్ పేర్ల విషయంలో కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి మారుతుంది. లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ అనే సెట్టింగ్ మామూలుగా లినక్స్‌లో 0, విండోస్‌లో 1, మ్యాక్‌లో 2 ఉంటుంది, అందుకే ల్యాప్‌టాప్‌లో ఆడిన క్వెరీ సర్వర్‌లో టేబుల్ లేదంటుంది. 8.0 నుంచి అయితే సర్వర్ మొదటిసారి ఇనిషియలైజ్ చేసేటప్పుడే అది పెట్టాలి, తర్వాత మార్చడం కుదరదు.

కోట్స్‌లో ఉన్నదాన్ని మాత్రం పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ రెండింటికీ అలాగే వదిలెయ్యాలి. పార్స్ చేసే లూప్‌లోనే కేస్ మార్చకుండా, ముక్కలు తీశాక కోట్స్ ఫ్లాగ్ చూసి విడిగా మార్చితే కోడ్ తేటగా ఉంటుంది. మన తెలుగు లిపిలో ఈ పెద్దా చిన్నా తేడా లేనే లేదు, ఈ ఒక్క విషయంలో హాయి.

లాంగ్వేజ్‌లో ఉన్న లోయర్ ఫంక్షన్ పిలిస్తే చాలు కదా?

చాలదు, టర్కిష్ లోకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఉన్న మెషీన్ మీద పడేదాకా చాలినట్టే ఉంటుంది. టర్కిష్‌లో క్యాపిటల్ ఐ ని లోయర్ చేస్తే పైన చుక్క లేని ఐ వస్తుంది, అది వేరే అక్షరం, ఇన్‌వాయిస్ అని పెద్దక్షరాల్లో టైప్ చేసిన పేరు ఇక దొరకదు. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో కూడా ఇందుకే ఆస్కీ అక్షరాలని లోకేల్‌తో సంబంధం లేకుండా సొంతంగా మారుస్తారు, యూటీఎఫ్-8 లాంటి ఎన్‌కోడింగ్‌లో మిగతా అక్షరాల జోలికి పోరు. మీరూ అంతే చెయ్యండి. డేటాబేస్ ఎలా మారుస్తుందో అలాగే మార్చాలి, మీకు భాషాశాస్త్రం ఎంత బాగా వచ్చినా సరే.

టేబుల్ పేరు తెలుగులో పెడితే పార్సర్ ఇబ్బంది పడుతుందా?

లూప్‌ని బైట్ల మీద కాకుండా కోడ్ పాయింట్ల (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్ల) మీద తిప్పితే విడదీయడంలో ఇబ్బంది లేదు. ఒత్తులు, గుణింతాలు, పొల్లు ఇవన్నీ విడివిడి కోడ్ పాయింట్లు, "అక్షరమా కాదా" అని చెప్పే లైబ్రరీ ఫంక్షన్లు కొన్ని గుణింతం గుర్తులని అక్షరం కాదంటాయి, దానితో పేరు మధ్యలో తెగుతుంది. ఇది టెస్ట్ చేసి చూడండి.

అసలు తలనొప్పి పోల్చేటప్పుడు. కై అనే అక్షరంలో ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం, ఐత్వపు గుర్తు అని రెండు కోడ్ పాయింట్లుగా రాయొచ్చు. చూడ్డానికి ఒకటే, బైట్లు వేరు. పోస్ట్‌గ్రెస్ పేర్లని నార్మలైజ్ చెయ్యదు (ఇలాంటి రెండింటినీ ఒకే రూపంలోకి మార్చదు) కాబట్టి అవి రెండు వేరే వేరే టేబుళ్ళు. అలాగే సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో మధ్యన కనిపించని జీరో విడ్త్ నాన్-జాయినర్ ఉంటుంది, ఒకరి కీబోర్డ్ అది పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. నా సలహా: పార్స్ చేసేటప్పుడు మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, కానీ కొత్త టేబుల్ సృష్టించే చోట నార్మలైజ్ చేసి చెక్ పెట్టండి. ఉన్న టేబుల్ పేరుని పార్సర్ నార్మలైజ్ చేసేస్తే, అలా చెయ్యకుండా సృష్టించిన టేబుల్‌ని ఎప్పటికీ అందుకోలేరు.

పేరు మరీ పొడుగైతే కట్ చెయ్యాలా, ఎర్రర్ ఇవ్వాలా?

ఎర్రర్. ముందు లిమిట్లు: పోస్ట్‌గ్రెస్ 63 బైట్లు, మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేరుకి 64 అక్షరాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్ 128 అక్షరాలు, ఒరాకిల్ 12.1 దాకా 30 బైట్లు, 12.2 నుంచి 128 బైట్లు. కొన్ని బైట్లు, కొన్ని అక్షరాలు, ఇది కలిపేశారంటే తెలుగు పేర్ల దగ్గర దొరికిపోతారు, ఎందుకంటే యూటీఎఫ్-8లో మన ప్రతి కోడ్ పాయింట్ 3 బైట్లు.

ఈ పేరు చూడండి: వినియోగదారుల_ఫిర్యాదులు. కంటికి చిన్నగానే ఉంది. లెక్కపెడితే 22 తెలుగు కోడ్ పాయింట్లు, 66 బైట్లు, అండర్‌స్కోర్‌తో 67. పోస్ట్‌గ్రెస్ దీన్ని అక్షరం మధ్యలో తెగకుండా జాగ్రత్తగా కట్ చేసి, ఒక నోటీస్ మాత్రం ఇచ్చి ముందుకెళ్తుంది. కట్ చేశాక 61 బైట్లు మిగులుతాయి, ఆ పేరు వినియోగదారుల_ఫిర్యాదు. చివర "లు" పోయింది, చక్కగా ఏకవచనం అయి కూర్చుంది! తప్పు తెగిందని ఎవరికీ అనుమానం కూడా రాదు, ఆ పేరుతో ముందే ఇంకో టేబుల్ ఉంటే మీ డేటా అందులోకి వెళ్తుంది. పార్స్_ఐడెంట్ కూడా తనంతట తాను కట్ చెయ్యదు, కావాలంటే రిజల్ట్‌ని నేమ్ టైప్ అర్రేగా క్యాస్ట్ చేసుకోమంటుంది. మీరు కూడా పొడుగైన పేరుకి ఎన్ని బైట్లు ఎక్కువైందో చెప్పి ఆపేయండి.

## ముక్కలు ఏవి ఎక్కడ

ముక్కలని ముందు నుంచి లెక్కపెట్టాలా, వెనక నుంచా?

వెనక నుంచి. ఎన్ని ముక్కలిచ్చినా చివరిదే ఆబ్జెక్ట్ పేరు, దాని ముందుది స్కీమా, దాని ముందుది డేటాబేస్. పార్స్‌నేమ్ కూడా అలాగే, 1 అంటే ఆబ్జెక్ట్, 2 స్కీమా, 3 డేటాబేస్, 4 సర్వర్. నాలుగు ముక్కలకి వెనక నుంచి నంబర్లు ఉన్నాయి కదా అని దాంతో ఐపీ అడ్రస్‌లు విడదీసే వాళ్ళు బోలెడుమంది, పనిచేస్తుంది కూడా, నేనూ చేశా.

మధ్యలో రెండు డాట్లు పక్కపక్కనే వస్తే తప్పేనా?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తప్పు కాదు, గిడ్డంగి..సరుకులు అంటే గిడ్డంగి డేటాబేస్‌లో డీఫాల్ట్ స్కీమాలో సరుకులు అని. పోస్ట్‌గ్రెస్‌లో తప్పు. కాబట్టి మీ రిటర్న్‌లో "ముక్క ఇవ్వలేదు", "ముక్క ఖాళీగా వదిలారు" రెండూ వేరుగా కనపడాలి.

మూడు ముక్కలు దాటితే ఏం చెయ్యాలి?

పార్సర్‌కి ముక్కల లిమిట్ పెట్టకండి, ఎన్నుంటే అన్ని ఇవ్వనివ్వండి, లిమిట్ పిలిచేవాడు చూసుకుంటాడు. ఎందుకంటే అదే ఫంక్షన్‌తో రేపు కాలమ్ పేరు కూడా పార్స్ చెయ్యమంటారు, అప్పుడు స్కీమా, టేబుల్, కాలమ్ అని ఇంకోటి కలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మూడు ముక్కల పేరు రాయడం వరకూ ఓకే, మొదటి ముక్క ఇప్పుడు కనెక్టయిన డేటాబేసే అవ్వాలి, వేరేది రాస్తే క్రాస్-డేటాబేస్ రిఫరెన్స్ అమలు చెయ్యలేదు అనే ఎర్రర్ వస్తుంది. అది కూడా ముక్కలు తీశాక వచ్చే ఎర్రరే. మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా, డేటాబేస్ ఒకటే కాబట్టి టేబుల్‌కి రెండు ముక్కలే.

ఫంక్షన్ పేరు వెనక బ్రాకెట్లు, ఆర్గ్యుమెంట్లు వస్తే?

పార్స్_ఐడెంట్‌లో దీనికే రెండో పారామీటర్ ఉంది. మామూలుగా స్ట్రిక్ట్, పేరు తర్వాత ఏదైనా మిగిలితే ఎర్రర్. ఫాల్స్ ఇస్తే మిగిలింది పట్టించుకోదు, లెక్కలు.మొత్తం(నంబర్) అని ఇస్తే లెక్కలు, మొత్తం అనే రెండే ఇస్తుంది. నాకు నచ్చింది మాత్రం ఒరాకిల్ పద్ధతి, ఆగిన పొజిషన్ తిరిగిచ్చెయ్యడం. మిగిలినదాన్ని ఏం చెయ్యాలో పిలిచినవాడికే తెలుసు.

## పేరు నుంచి ఆబ్జెక్ట్ దాకా

స్కీమా ఇవ్వకపోతే "పబ్లిక్" అని పెట్టేయొచ్చా?

వద్దు, ఖాళీ అని చెప్పి వదిలెయ్యండి. పోస్ట్‌గ్రెస్‌లో స్కీమా లేని పేరుని సెర్చ్_పాత్ ప్రకారం వెతుకుతారు, డీఫాల్ట్‌గా ముందు యూజర్ పేరుతో ఉన్న స్కీమా, తర్వాత పబ్లిక్. వీటికన్నా ముందు టెంపరరీ టేబుళ్ళు, సిస్టమ్ క్యాటలాగ్ చూస్తారు. మీరు పబ్లిక్ అని అంటించేస్తే టెంపరరీ టేబుల్ కోసం అడిగినవాడికి వేరే టేబుల్ వెళ్తుంది.

ఇందులో సెక్యూరిటీ కూడా ఉంది. పబ్లిక్ స్కీమాలో ఎవరైనా ఆబ్జెక్ట్ సృష్టించొచ్చు అన్నప్పుడు, మీరు పిలిచే ఫంక్షన్ పేరుతోనే ఇంకొకడు తనది ఒకటి పెట్టి మీ పర్మిషన్లతో నడిపించొచ్చు. సీవీఈ-2018-1058 ఇదే (సీవీఈ అంటే బయటపడ్డ సెక్యూరిటీ లోపాలకిచ్చే నంబర్). 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొత్త డేటాబేస్‌ల పబ్లిక్ స్కీమాలో అందరికీ సృష్టించే పర్మిషన్ తీసేశారు. పెద్ద పర్మిషన్లతో నడిచే కోడ్ అయితే స్కీమా లేని పేరుని అసలు ఒప్పుకోకండి.

ఒకసారి వెతికాక పేరే పట్టుకుని తిరిగితే ఏమవుతుంది?

మొదటిసారి వెతికినప్పుడు దొరికిన టేబుల్, రెండోసారి వెతికినప్పుడు దొరికిన టేబుల్ ఒకటే అని గ్యారెంటీ లేదు, మధ్యలో ఎవరైనా రీనేమ్ చెయ్యొచ్చు. పర్మిషన్ చెక్ ఒకదాని మీద, పని ఇంకోదాని మీద జరిగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనే ఈ తప్పు ఉండేది, ఇండెక్స్ సృష్టించే కమాండ్ లాంటివి పేరుని ఒకటి కన్నా ఎక్కువసార్లు వెతికేవి, 2014లో సీవీఈ-2014-0062గా సరిచేశారు. కాబట్టి పేరుని ఒక్కసారే వెతకండి, వచ్చిన ఐడీని (డేటాబేస్ ఆ టేబుల్‌కిచ్చిన నంబర్‌ని) ఆ పని అయ్యేదాకా పట్టుకోండి, ఆ తర్వాత పేరుని ఎర్రర్ మెసేజ్‌లో చూపించడానికే వాడండి.

విడదీసిన పేరుని మళ్ళీ క్వెరీలో పెట్టేటప్పుడు జాగ్రత్తలేంటి?

ఒక్కో ముక్కని విడిగా కోట్ చేసి, తర్వాత డాట్‌తో కలపాలి. మొత్తం పేరుని ఒకేసారి కోట్_ఐడెంట్‌కి ఇస్తే "అమ్మకాలు.బిల్లులు" అని డాట్ పేరులో కలిసిపోయి ఒకే ముక్కగా వస్తుంది, ఇది నేను వారానికొకసారి చూస్తా. కోట్_ఐడెంట్ అవసరం అనుకుంటేనే కోట్స్ పెడుతుంది, తెలుగు పేర్లకి ఎప్పుడూ పెడుతుంది, దాని లెక్కలో చిన్న ఆస్కీ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదున్నా అనుమానమే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కోట్‌నేమ్‌కి 128 అక్షరాలు దాటిన పేరిస్తే నల్ (విలువేమీ లేదు అని) ఇస్తుంది, ఆ నల్‌ని ప్లస్‌తో స్ట్రింగ్‌లో కలిపితే క్వెరీ మొత్తం నల్, రన్ చేస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. రాత్రి పదకొండింటికి అది వెతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆర్డర్, యూజర్ లాంటి కీవర్డ్ పేరుగా వస్తే ఆపెయ్యాలా?

పార్స్ చేసేటప్పుడు వదిలెయ్యండి. కీవర్డ్ల లిస్ట్ ప్రతి వెర్షన్‌కీ మారుతుంది, దాని వెంట పరిగెత్తలేం. క్వెరీలోకి తిరిగి పెట్టేటప్పుడు అన్నిటికీ కోట్స్ పెడితే సమస్యే రాదు.

## ఎర్రర్లు, టెస్టులు

తప్పు పేరొస్తే నల్ ఇవ్వాలా, ఎర్రర్ విసరాలా?

పేరు రాసిన తీరు తప్పయితే ఎర్రర్, పేరు బానే ఉండి టేబుల్ దొరక్కపోతే నల్. పోస్ట్‌గ్రెస్‌లో టు_రెగ్‌క్లాస్ దొరక్కపోతే నల్ ఇస్తుంది, ఇది నాకు చాలా నచ్చుతుంది. పార్స్‌నేమ్ మాత్రం స్కీమా ఇవ్వకపోయినా నల్లే, పేరు తప్పుగా రాసినా నల్లే, ఐదు ముక్కలిచ్చినా నల్లే, ఏ నల్ దేనికొచ్చిందో మనమే జాతకం చూసుకోవాలి.

ఏ ఇన్‌పుట్‌లతో టెస్ట్ చెయ్యాలి?

ఖాళీ స్ట్రింగ్, ఉత్త స్పేస్‌లు, ఉత్త డాట్, ముందు డాట్, చివర డాట్, మూయని కోట్, మూసిన కోట్ వెంటనే ఇంకో అక్షరం ("లాగ్"లు లాగా), కోట్స్ లోపల డాట్, కోట్స్ లోపల ఒక్క డబుల్ కోట్ మాత్రమే ఉన్న పేరు, అంటే వరుసగా నాలుగు కోట్స్ """" అని. ఈ చివరిదాన్ని సరిగ్గా ఒక్క " అని ఇవ్వగలిగితే మీ లూప్ దాదాపు కరెక్ట్. అంకెతో మొదలయ్యే పేరు కూడా వెయ్యండి, పోస్ట్‌గ్రెస్ కోట్స్ లేకుండా ఒప్పుకోదు, మైఎస్‌క్యూఎల్ ఒప్పుకుంటుంది కానీ మొత్తం అంకెలే ఉంటే మాత్రం కాదంటుంది.

వీటితో పాటు ఒక రౌండ్ ట్రిప్ టెస్ట్ రాయండి. ఇష్టమొచ్చిన చెత్త అక్షరాలతో ముక్కలు తయారుచేసి, వాటిని కోట్ చేసి డాట్‌తో కలిపి, మళ్ళీ పార్స్ చేస్తే మొదట ఇచ్చిన ముక్కలే రావాలి. ముక్క ఖాళీగా ఉండకూడదు, అందులో నల్ బైట్ ఉండకూడదు, అంతే నియమం. నా రెండో వెర్షన్‌లో బగ్ ఈ టెస్టే పట్టుకుంది: పేరు చివరి అక్షరమే కోట్ అయితే, మూడు కోట్స్ వరుసగా వస్తాయి, నా కోడ్ మొదటి కోట్‌కే మూసేసి మిగతా రెండింటినీ కొత్త ముక్క అనుకునేది.

ఇంత చేస్తే స్లో అవ్వదా?

అవ్వదు. పేరు మహా అయితే రెండు మూడు వందల అక్షరాలు, ఒక్కసారి ముందు నుంచి వెనక్కి చదువుతాం. క్యాష్ పెట్టాలనిపిస్తే ముక్కల్ని పెట్టుకోండి పర్లేదు, వెతికితే దొరికిన ఐడీని మాత్రం పెట్టకండి, సెర్చ్_పాత్ మారిన సెషన్‌లో అది వేరే టేబుల్‌ది అవుతుంది.